శీతకాలపు విడిది: వెచ్చని చోటును ఎంచుకొనుట
(ప్రసంగ పాఠము)

మార్గశిరము ప్రవేశించినది మొదలు వైశాలి నగరులోని తెలుగు ఇండ్లలో ఒక చిన్న మార్పు కనబడును. తెల్లవారుజామున వాకిట ముగ్గు వేయు ఇల్లాలు భుజములపై శాలువ కప్పుకొనును. గోదావరి ఒడ్డునుండియో, శ్రీకాకుళపు తీరమునుండియో కుమారుని యొద్ద ఉండుటకు వచ్చిన వృద్ధుడైన తండ్రి, ఎండ ప్రహరీగోడ దాటి లోపలికి వచ్చువరకు మంచము దిగడు. డెబ్బది యేండ్లు ఉప్పుగాలి పీల్చిన శరీరమునకు, రాత్రివేళ 12, 13 డిగ్రీలకు దిగిపోవు ఈ పొడి చలి అలవాటులేనిది. ఆయన ఎవరిపైనను ఫిర్యాదు చేయడు. "ఈ రెండు నెలలు గడిచిన చాలును నాయనా" అని మాత్రమే అనును. ఆ మాట విన్న కుమారుడు ఆఫీసునకు పోవుచు సెలవు లెక్క చూచుకొనును. ఆయనను ఎచటికి తీసికొనిపోవలెను? ఈ ప్రసంగము ఆ ఒక్క ప్రశ్నకు సంబంధించినది.

1955లో సోవియట్ దేశముతో ఒప్పందము జరిగి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారి చేతులమీదుగా మొదటి కొలిమి ప్రారంభమైన నాటినుండి, భిలాయికి తెలుగువారి రాక ఆగలేదు. నాడు యువకులై వచ్చినవారు నేడు తాతలైనారు. వారి వెనుక మరియొక తరము వచ్చినది. ఆ తరమువారి తలిదండ్రులును వృద్ధులై పిల్లలను చేరుచున్నారు. కావున శీతకాలమున పెద్దలకు వెచ్చని విడిది చూచుట విలాసము క్రింద లెక్కకు రాదు. అది కుటుంబధర్మములో ఒక భాగము.

విడిది అనగా హోటలు గదియే కానక్కరలేదు. ఇటీవల మనదేశమునను కారవాను అను ఇల్లువంటి మోటారు బండి ప్రచారములోనికి వచ్చుచున్నది. పడకలు, చిన్న వంటచోటు, నీటితొట్టి, మరుగుదొడ్డి అందులోనే యుండును. కేరళ రాష్ట్రము 2021లో ఇట్టి బండ్లకును, అవి నిలుచు స్థలములకును ఒక ప్రత్యేక విధానమును ప్రకటించినది. ఇతర రాష్ట్రములు కొన్ని ఆ దారిని పట్టినవి. సొంతముగా కొనుట అందరికి సాధ్యము కాదు, అద్దెకు తీసికొనవచ్చును. అది లేనివారు రైలులో పోయి తీరమున డేరాలోనో, చిన్న కుటీరములోనో పది దినములు సొంతవంటతో గడుపవచ్చును. బండియైనను డేరాయైనను స్థలనిర్ణయమునకు వర్తించు సూత్రములు ఒక్కటియే.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్తది కాదు. చెన్నపట్టణమున సుప్రీంకోర్టు దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన బయలుదేరి, పరివారముతో, డేరాలతో కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. ఆయన వ్రాసిన యాత్రాచరిత్ర చదివినవారికి ఒక విషయము స్పష్టమగును. ప్రతి మజిలీ యొద్దను ఆయన చూచినది నీరు మంచిదా, అంగళ్లు ఉన్నవా, దిగుటకు వసతియైన చోటు ఉన్నదా అని. ఆ ఊరి గొప్పతనము ఆ తరువాతి మాట. మజిలీని ఎంచుకొనువానికి నేటికిని ఇంతకన్న మంచి క్రమము లేదు. దానికి చలి సంగతిని మాత్రము చేర్చుకొనవలెను.

చలి విషయమున సాధారణముగా జరుగు పొరపాట్లు మూడు. మొదటిది, దక్షిణమునకు పోయినచో వెచ్చగా నుండునని తలచుట. రెండవది, మధ్యాహ్నపు వేడిమిని చూచి నిర్ణయించుట. మూడవది, పదిమంది పోవు చోటికే తామును పోవుట.

మొదటి పొరపాటును పటము చూచి తెలిసికొనవచ్చును. బెంగుళూరు, చెన్నపట్టణము రమారమి ఒకే అక్షాంశముపై ఉన్నవి. అయినను జనవరి రాత్రులలో చెన్నపట్టణమున 21 డిగ్రీలకు దగ్గరగా నుండగా, బెంగుళూరున 15, 16 డిగ్రీల వరకు దిగును. విశాఖపట్టణము హైదరాబాదుకంటె కొంచెము ఉత్తరముననే యున్నది. కాని జనవరి రాత్రి అక్కడ హైదరాబాదుకంటె రెండు మూడు డిగ్రీలు వెచ్చగా నుండును. ఉదకమండలము ఇంకను దక్షిణము. అక్కడ జనవరిలో పచ్చికపై మంచు గడ్డకట్టును. కారణము ఎత్తు. సముద్రమట్టమునుండి ప్రతి 1000 మీటర్లు ఎక్కుకొలదిని గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడును. బెంగుళూరు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఉదకమండలము 2,200 మీటర్లు దాటినది.

ఎత్తు తరువాత చూడవలసినది సముద్రము. నీరు మెల్లగా వేడెక్కును, మెల్లగా చల్లారును. నేల అట్లు కాదు. సూర్యుడు క్రుంకగానే తాను పుచ్చుకొన్న వేడిని ఆకాశమునకు విడిచిపెట్టును. భిలాయి సుమారు 300 మీటర్ల ఎత్తున, సముద్రమునకు దూరముగా నున్న మైదానము. అందువలన ఇక్కడ పగలు హాయిగా నుండి, రాత్రి ఒక్కసారిగా చలి దిగును. కోస్తాలో పగటికి రాత్రికి అంత తేడా యుండదు. పెద్దవారి ఉబ్బసమునకు, కీళ్లనొప్పులకు బాధ పెట్టునది తెల్లవారుజామున నాలుగు గంటల చలి. ఒక ఊరిని గూర్చి విచారించునపుడు "అక్కడ ఎంత వేడి?" అని అడుగరాదు, "అక్కడ తెల్లవారుజామున ఎంత చలి?" అని అడుగవలెను. వాతావరణ శాఖవారు ప్రకటించు కనిష్ఠ ఉష్ణోగ్రతయే ఇక్కడ పనికివచ్చు సంఖ్య.

ఇక మూడవ పొరపాటు. డిసెంబరు వచ్చినంతనే అరకు, లంబసింగి అను పేర్లు అందరి నోట వినబడును. ఛత్తీస్‌గఢ్ వారు మైన్‌పాట్ పేరు చెప్పుదురు. మూడును చూడదగిన చోట్లే. కాని అక్కడికి జనులు పోవునది చలిని చూచుటకు! అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న లోయ. ఎత్తు లెక్క ప్రకారమే విశాఖకంటె ఆరు డిగ్రీలు తగ్గవలెను. పైగా మబ్బులేని రాత్రి చుట్టునున్న కొండలపైని చల్లనిగాలి బరువెక్కి లోయలోనికి దిగి నిలిచిపోవును. అందుచేత చలి ఆ లెక్కనుకూడ మించును. లంబసింగి సుమారు 1000 మీటర్లు. మైన్‌పాట్ అంతకంటె కొంచెము ఎక్కువ. ఇరువది యేండ్లవాడు అక్కడ రేకుబండిలో పడుకొని మరునాడు స్నేహితులకు కథ చెప్పుకొనును. డెబ్బది యేండ్ల తల్లి అదే బండిలో పడుకొన్నచో మరునాడు ఆస్పత్రి వెదకవలసి వచ్చును. అరకు చూడవలెనను కోరిక యున్నచో విశాఖలో విడిది చేసి, ఉదయము పోయి, సాయంకాలమునకు కొండ దిగి రావలెను. దూరము 115 కిలోమీటర్లకు అటునిటు మాత్రమే.

ఈ సూత్రమును పెద్ద ఎత్తున పాటించువారు అమెరికాలో కలరు. ఉత్తరపు మంచు రాష్ట్రములలోని విశ్రాంతోద్యోగులు ఏటేట కారవాన్లతో దక్షిణమునకు వలసపోవుదురు. ఆరిజోనా రాష్ట్రమున క్వార్ట్‌జైట్ అను చిన్న ఊరున్నది. దాని సమీపమున ప్రభుత్వ భూములను 1983 నుండి దీర్ఘకాలపు విడిదికై కేటాయించినారు. సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వరకు, రుసుము చెల్లించి, నెలల తరబడి అక్కడ బండి నిలుపుకొనవచ్చును. అదే రాష్ట్రమున ఫ్లాగ్‌స్టాఫ్ అను అందమైన పట్టణము కలదు. శీతకాలపు విడిదికి వారు అక్కడికి పోరు. క్వార్ట్‌జైట్ 270 మీటర్ల ఎత్తున నుండగా, ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్ల ఎత్తున మంచుతో కప్పబడి యుండును. అందము వేరు, వెచ్చదనము వేరు అని వారు ఏనాడో గ్రహించినారు.

భిలాయి తెలుగువారికి ఇట్టి పల్లపు వెచ్చని నేల ఏది? దూరము వెదుకనక్కరలేదు, భీమునిపట్టణము మొదలు బాపట్ల వరకు గల సముద్రతీరమే అది. జనవరి రాత్రులలో అక్కడ 18 నుండి 20 డిగ్రీల వరకు ఉండుట సాధారణము. ఇంకను వెచ్చదనము కావలసినవారికి రామేశ్వరము, కన్యాకుమారి ఉన్నవి. అచ్చట రాత్రియు 23 డిగ్రీల దరిదాపున నుండును. కాని అంత దూరపు ప్రయాణపు అలసట పెద్దవారికి చలికంటె ఎక్కువ హాని చేయవచ్చును. నాలుగైదు డిగ్రీల లాభమునకై రెండు దినముల ప్రయాణము తగునా అని ఎవరికి వారు ఆలోచించుకొనవలెను.

చోటు కుదిరిన తరువాత కాలము చూచుకొనవలెను. బంగాళాఖాతపు తుఫానులకు అక్టోబరు, నవంబరు, డిసెంబరు ముఖ్యమైన నెలలు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను మరచిన తెలుగువాడు లేడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినది. 2018లో పెథాయి డిసెంబరు 17న గోదావరి తీరమునకు వచ్చినది. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరము దాటినది. 2011లో థానే తుఫాను డిసెంబరు 30న తమిళదేశపు తీరమును కొట్టినది. కావున సముద్రపుటొడ్డున డేరా వేయువాడు డిసెంబరును విడిచి జనవరిని పట్టుకొనుట మేలు. అందులోను సంక్రాంతికి ముందు రైళ్లు, బస్సులు క్రిక్కిరిసి యుండును. పండుగ వెళ్లిన తరువాత, జనవరి మూడవ వారము మొదలు ఫిబ్రవరి నడిమి వరకు గల కాలము ఇందుకు అన్నివిధముల అనువైనది. అయినను బయలుదేరుటకు ముందు వాతావరణ శాఖవారి హెచ్చరిక చూచుట మానరాదు.

ప్రయాణము విషయమున భిలాయివారు అదృష్టవంతులు. రాయపూరు–విజయనగరము రైలుమార్గము 1931లో పూర్తియైనది. నాటినుండి ఈ మైదానమునకు విశాఖ రేవు దగ్గరయైనది. 2024 సెప్టెంబరులో దుర్గు నుండి విశాఖపట్టణమునకు వందే భారత్ రైలు మొదలైనది. ఉదయము ఎక్కినవారు సుమారు 8 గంటలలో సముద్రము చూడగలరు. అయితే అందులో కూర్చుండుటయే కాని పడుకొనుటకు బెర్తులు లేవు. నడుమునొప్పి గలవారిని తీసికొనిపోవునపుడు ఆ సంగతి గుర్తుంచుకొనవలెను. బెర్తులు గల సమతా ఎక్స్‌ప్రెస్ కూడ దుర్గు మీదుగానే విశాఖకు పోవును. 2024 నవంబరు 1 నుండి ముందస్తు రిజర్వేషను గడువు 120 దినములనుండి 60 దినములకు తగ్గినది. కనుక జనవరి నెలాఖరు ప్రయాణమునకు నవంబరు నెలాఖరుననే సిద్ధముగా నుండవలెను.

రోడ్డుమీద కారవానులో పోవువారు ధంతరి, కాంకేరు, కేశ్‌కాల్ ఘాటు, జగదల్‌పురము, కోరాపుట్, సాలూరు మీదుగా దిగుదురు. ఈ దారిలో జగదల్‌పురము సుమారు 550 మీటర్లు, కోరాపుట్ 850 మీటర్లు దాటిన ఎత్తు. వెచ్చని చోటికి పోవువాడు దారిలో కోరాపుట్‌లో రాత్రి చేసినచో భిలాయికంటె ఎక్కువ చలి తినును. వేకువనే బయలుదేరి, వెలుతురుండగానే ఘాటు దిగి సాలూరు చేరుట మంచిది. అది కుదరనిచో జగదల్‌పురమున లాడ్జిలో ఆ రాత్రి గడిపి, మరునాడు కొండ దిగవలెను. మామూలు వ్యానును స్వయముగా మార్పించి పడకలు బిగించుకొనుట కొందరికి చౌక యని తోచవచ్చును. రిజిస్ట్రేషనులోని వివరములకు భిన్నముగా బండిని మార్చుటను మోటారు వాహనముల చట్టము నిషేధించుచున్నది. ప్రమాదము జరిగినచో ఇన్సూరెన్సు సొమ్మునకును చిక్కు వచ్చును.

ఇక ఖర్చు. కేంద్రప్రభుత్వ ఉద్యోగులకు 1956లో సెలవు ప్రయాణ రాయితీ ప్రారంభమైనది. నేడు 1988 నాటి నిబంధనలు, వాటి సవరణలు అమలులో నున్నవి. నాలుగేండ్ల కూటమిలో స్వగ్రామ ప్రయాణము రెండుసార్లు. వానిలో ఒకదానికి మారుగా దేశమున ఎచటికైనను పోవచ్చును. పూర్తిగా ఆధారపడిన తలిదండ్రులును కుటుంబములో చేరుదురు. అయితే ఈ రాయితీ ప్రయాణపు ఛార్జీలకే గాని బసకు, భోజనమునకు వర్తింపదు. సొంత కారునకు, ప్రైవేటు అద్దెబండికి సాధారణముగా వర్తింపదు. కారవాను అద్దె బిల్లు పెట్టి రాయితీ కోరినవారికి నిరాశయే మిగులును. కాబట్టి రైలులో పోయి విశాఖయందో, రాజమండ్రియందో బండి అద్దెకు తీసికొనుట, లేదా ఒకే చోట కుటీరము కుదుర్చుకొనుట లాభకరము. అనేకులకు కోస్తాయే స్వగ్రామ ప్రాంతము. స్వగ్రామ ప్రయాణమునే జనవరికి జరుపుకొన్నచో, వెచ్చని విడిదియు, బంధుదర్శనమును ఒకే టిక్కెట్టుతో నెరవేరును.

తీరము చేరిన తరువాత దిగు స్థలమును చూచుట ముఖ్యము. సముద్రమునకు ఎదురుగా ఇసుకమీదనే దిగవలెనని పిల్లలు కోరుదురు. అది తగదు. ఇసుకలో చక్రములు దిగబడును. అంతేకాక జనవరి మొదలు మార్చి వరకు ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టును. బండి దీపములను చూచి పిల్ల తాబేళ్లు సముద్రమునకు మారుగా గట్టువైపు నడచి చనిపోవును. కొంత వెనుకగా, సరుగుడు తోట చాటున, గట్టి నేలమీద, యజమాని అనుమతితో దిగుట మేలు. సరుగుడు గాలిని ఆపును. కాని క్రింద రాలిన ఎండు సూదులు నిప్పురవ్వకు అంటుకొనును గనుక అక్కడ పొయ్యి పెట్టరాదు. కొబ్బరిచెట్టు క్రింద బండిగాని డేరాగాని ఉంచరాదు. వరిచేలకు, చెరువులకు ఆనుకొని దిగినచో దోమలు నిద్రపోనీయవు.

తెల్లవారుజామున గాలి భూమివైపునుండి సముద్రమువైపు వీచును. ఆ కాలమున సూర్యుడు ఆగ్నేయముగా, సముద్రముమీదనుండి పైకి వచ్చును. కావున తలుపు సముద్రమువైపు, వీపు భూమివైపు ఉండునట్లు నిలిపినచో చల్లగాలి తప్పును, తొలియెండ లోపలికి వచ్చును. ఆ తొలియెండకొరకే గదా పెద్దాయన ఇక్కడ గోడవైపు చూచుచు కూర్చుండునది!

నీటి లెక్క ముందే వేసికొనవలెను. బండిలో 100 లీటర్ల తొట్టి యున్నదనుకొన్నచో, మనిషికి దినమునకు 20 లీటర్లు పొదుపుగా వాడినను, నలుగురికి ఒక్క దినమునకే సరిపోవును. తీరప్రాంతపు బావినీరు పెక్కుచోట్ల ఉప్పన. రొయ్యల చెరువుల దాపున మరియు కష్టము. ప్రతిదినము మంచినీరు నింపుకొను చోటు, మురుగు ఖాళీచేయు చోటు ముందుగా తెలియనిదే నాలుగు దినములకు మించి ఉండు తలపు పెట్టుకొనరాదు. డాక్టరు, మందులషాపు అరగంట దూరములో నుండవలెను. సముద్రము ప్రశాంతముగా కనబడినను లోపలికి లాగు ప్రవాహములు ఉండును. విశాఖ తీరమున ఏటేట ప్రాణములు పోవుచున్నవి. పిల్లలను నీటిలోనికి ఒంటరిగా విడువరాదు.

ఒక హెచ్చరిక అన్నిటికంటె ముఖ్యమైనది. చలి వేసినదని మూసిన బండిలోగాని, డేరాలోగాని, గదిలోగాని బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రింపరాదు. బొగ్గు సగము కాలి వెలువరించు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రించువాడు దగ్గనైన దగ్గకుండ ప్రాణము విడుచును. ఉత్తరదేశమున ప్రతి శీతకాలమును ఇట్టి మరణముల వార్తలు వచ్చుచునే యున్నవి. చలిని కుంపటితో గెలువవలసిన చోటు విడిదికి తగిన చోటు కాదు. అదనముగా రెండు దుప్పట్లు, చెవులకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, వేడినీళ్ల సంచి చాలని చోటు పెద్దలకు చాలని చోటే. రైలులో గ్యాసు సిలిండరు, పొయ్యి తీసికొనిపోవుట నిషిద్ధమనియు ఎరుగవలెను.

తొలిసారి బయలుదేరువారు పది దినములకు ఒప్పందము చేసికొనరాదు. మూడు రాత్రులు ఉండి చూచి, పెద్దలకు నిద్ర పట్టినదా, ఆకలి వేసినదా, దగ్గు తగ్గినదా అని కనిపెట్టి, ఆ పిమ్మట పొడిగించుకొనుట యుక్తము. రోజొక ఊరు తిరుగుట పిల్లలకు సరదా. పెద్దలకు ఒకచోట స్థిరముగా నుండి, పొరుగువారిని నలుగురిని ఎరిగి, సాయంకాలము అదే అరుగుమీద కూర్చుండుట సుఖము.

చివరకు, ఈ లెక్కలన్నియు వేసిన కుమారుడు ఒక పని మరువరాదు. స్థలమును తానే నిర్ణయించి, టిక్కెట్టులు కొని, పెద్దలకు ఆఖరున చెప్పు అలవాటు చాల ఇండ్లలో నున్నది. తీసికొనిపోవునది ఎవరికొరకో వారిని మొదట అడుగవలెను. ఆ తండ్రి గొప్ప ఊళ్ల పేర్లు చెప్పకపోవచ్చును. చిన్ననాడు వలలు ఆరవేసిన తీరమునో, పెద్దచెల్లెలి ఇంటికి నడచిపోగల దూరములోని తోటనో చెప్పవచ్చును. ఎత్తు, గాలి, నీరు, రాత్రి చలి ఆ చోట సరిపోయినచో అంతకంటె మంచి విడిది వేరొకటి యుండదు. సరిపోనిచో దానికి చేరువలో సరిపోవు చోటును వెదకుటయే కుమారుని పని.